బావ గేటు దాటిన రోజు

దెయ్యాల గురించి నా అభిప్రాయం మొదటినుంచీ ఒకటే. అవి నిజంగా ఉండి ఉంటే ఢిల్లీలో అద్దెలు ఇంత ఉండేవి కావు. పరీక్షలకు చదువుకునే రోజుల్లో కటవారియా సరాయ్‌లో కిటికీ లేని గదిలో ఉండేవాణ్ణి. నాకు ముందున్న కుర్రాడు ఆ గదిలోనే పోయాడని చేరాక తెలిసింది. నేను ఖాళీ చెయ్యలేదు. ఓనరు అద్దె తగ్గించలేదు. అంటే దెయ్యాన్ని మా ఇద్దరిలో ఎవరమూ నమ్మలేదన్నమాట.

ఇప్పుడు నేను ఒక కేంద్ర మంత్రిత్వ శాఖ న్యాయ విభాగంలో పనిచేస్తున్నాను. ఏ ఫైలు వచ్చినా ‘దీనికి ఆధారం ఏమిటి?’ అని రాసి వెనక్కి పంపడం నా ఉద్యోగం. కింద రాస్తున్నది ఎవరైనా ఫైలుగా పెట్టి నా బల్ల మీదికి పంపితే, అదీ వెనక్కే పోయేది.

మా అక్క ప్రసన్న నర్సు. ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఆమె భర్త ప్రభాకర్ బావ ఒక ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ చూసేవాడు. ఇందిరాపురంలో తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు. కూతురు స్నేహ యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. తెనాలి వైపు నుంచి వచ్చిన బావ వాళ్లమ్మ కరుణమ్మ గారు వాళ్లతోనే ఉంటారు. నేను అత్తయ్యా అని పిలుస్తాను. ఆవిడకి రెండు మోకాళ్లూ పనిచెయ్యడం మానేసి చాలాకాలమైంది. నోరు మాత్రం ఏ మందూ లేకుండా బాగా పనిచేస్తుంది.

ఆ ఇంట్లో తలుపు గడియకి ఒక పద్ధతి ఉండేది. అది చెప్తేగాని మిగతాది అర్థం కాదు.

బావకి మతిమరుపు. పొద్దున్నే బయల్దేరి లిఫ్టు దాకా వెళ్లి, కళ్లజోడు మర్చిపోయానని ఒకసారి, టిఫిన్ డబ్బా అని ఒకసారి వెనక్కి వచ్చేవాడు. అత్తయ్య అప్పటికే తలుపు గడియ వేసి, కష్టపడి వెనక్కి నడిచి కుర్చీలో కూర్చుని ఉండేది. మళ్లీ లేవాలి. అందుకని తల్లీకొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. బావ తలుపు దగ్గరకి వేసి వెళ్లిపోతాడు. అత్తయ్య గడియ జోలికి పోదు. ఆయన గేటు దగ్గరికి చేరాక అక్కడి ఇంటర్‌కామ్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తాడు. "అమ్మా, వెళ్తన్నా. గడియ వేసుకో." అప్పుడు ఆవిడ "సరే నాన్నా" అని ఒక్కసారే లేచి గడియ వేసుకుంటుంది.

అక్క గాని, స్నేహ గాని ఎప్పుడూ అలా చెయ్యలేదు. ఆయన మాత్రం ఒక్కరోజు మానలేదు.

మధ్యలో మా అందరి సొసైటీలకు లాగే వాళ్ల సొసైటీకీ ఫోన్ యాప్ వచ్చింది. ఇక ఇంటర్‌కామ్ ఎందుకు, తీసేద్దాం అన్నారు. బావ మీటింగులో లేచి నిలబడి, "మేరీ మా కే పాస్ యాప్ నహీ హై, ఘుట్‌నే హై" అన్నాడట. మా అమ్మ దగ్గర యాప్ లేదు, మోకాళ్లున్నాయి అని. అందరూ నవ్వారు. గేటు కేబిన్‌లో ఒక సెట్టు, బావ వాళ్లింట్లో ఒకటి మాత్రం ఉంచేశారు.

ఒకరోజు పొద్దున బావ గడ్డం గీసుకుంటూ బాత్‌రూములో పడిపోయాడు. మెదడులో రక్తస్రావం. అంబులెన్సు వాళ్లు స్ట్రెచర్ మీద లిఫ్టులో తీసుకెళ్లారు. ఆరోజు గేటు నుంచి ఫోన్ చెయ్యలేదని వేరే చెప్పక్కర్లేదు.

దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద పెట్టారు. మెదడు పనిచెయ్యడం ఆగిపోయిందని వాళ్లకు అనుమానం వచ్చాక నియమం ప్రకారం డాక్టర్ల బృందం వచ్చి పరీక్షలు చేసింది. కొన్ని గంటలు ఆగి మళ్లీ చేసింది. రెండోసారి చేసి బయటికి వచ్చిన డాక్టరు ‘సారీ’ అనేలోపే అక్క తల ఊపింది. ఆ మాట తను ఎంతమందికి చెప్పడం చూసిందో, ఆ డాక్టరు వయసు కూడా అంత ఉండదు.

అవయవాలు దానం చేద్దామని అక్కే అంది. దానికో కారణం ఉంది. ఒకసారి వాళ్ల చర్చిలో ఎవరో వచ్చి అవయవదానం గురించి మాట్లాడారు. బయటికొచ్చాక బావ, "నా కళ్లు తీసుకునేవాడికి కళ్లజోడు కూడా ఇచ్చెయ్యండి. లేకపోతే పాపం మోసపోతాడు" అన్నాడు. సంతకమేమీ పెట్టలేదు. కానీ ఆయన ముఖ్యమైన విషయాలన్నీ జోకుల్లోనే చెప్పేవాడని మా అందరికీ తెలుసు.

అత్తయ్య ఒప్పుకోలేదు.

ఆవిణ్ణి వీల్‌చైర్‌లో ఐసీయూ లోపలికి తీసుకెళ్లింది నేనే. కొడుకు ఛాతీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. "ఇంత వెచ్చగా ఉన్నాడు. గుండె కొట్టుకుంటంది. దీన్ని చావంటారా అబ్బాయ్ మీ ఢిల్లీలో?" అని నన్నడిగింది.

నేను ఉద్యోగరీత్యా వివరించడం మొదలుపెట్టాను. మెదడు చనిపోతే మనిషి చనిపోయినట్టేనని మన చట్టం చెప్తుంది. అయితే ఆ ముక్క ఉన్నది అవయవమార్పిడి చట్టంలో. దానానికి ఒప్పుకుంటే దారి సాఫీగా ఉంటుంది. ఒప్పుకోకపోతే ఆ వెంటిలేటర్ ఎవరు తియ్యాలి, ఎప్పుడు తియ్యాలి, తియ్యొచ్చా అనే దగ్గర చట్టం వాక్యం మధ్యలో ఆపేసి టీ తాగడానికి వెళ్లినట్టుంటుంది. ఆసుపత్రులు కూడా అది తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తాయి.

అత్తయ్య అంతా విన్నది. "అంటే ఇస్తామంటే చచ్చినట్టు, ఇవ్వమంటే బతికున్నట్టా?" అంది.

ఆ చట్టం మీద చాలా వ్యాఖ్యానాలు చదివాను. ఇంత చిన్నది ఎక్కడా చదవలేదు.

అసలు దెబ్బ మాత్రం వేరేచోట తగిలింది. అక్కడి నర్సులు తమలో మనిషే కదా అని అక్కని చిన్నచిన్న పనులు చెయ్యనిచ్చేవాళ్లు. అక్క తడిగుడ్డ తీసుకుని మంచం దగ్గరికి వచ్చి, "ఏవండీ, ముఖం తుడుస్తున్నానండీ" అంది. తర్వాత, "మెడ కింద చెయ్యి పెడుతున్నా" అంది.

అది ఆమె పనిచేసే తీరు. స్పృహలో ఉన్నా లేకపోయినా, ఏ పేషెంటునీ చెప్పకుండా ముట్టుకోదు. సూది వేసే ముందు చెప్తుంది, పక్కకి తిప్పే ముందు చెప్తుంది. కొత్తగా వచ్చిన నర్సులకు మొదట నేర్పేది కూడా అదే.

అత్తయ్య కోడలి వైపు చూసింది. "చచ్చిపోయాడన్నావు గదా. మరి ఎవరికి చెప్తన్నావే?"

అక్క చెయ్యి ఆగిపోయింది. మిగిలిన సగం ముఖం తుడిచింది. ఈసారి ఏమీ చెప్పకుండానే.

వీల్‌చైర్ వెనక్కి తిప్పుతుంటే అత్తయ్య తన తీర్పు చెప్పేసింది. "వాడు నాకు చెప్పకుండా పాలబూతుకి కూడా పోడు. నాకు చెప్పలా. కాబట్టి పోలా. అంతే."

ఆరోజునుంచీ ఆవిడ ఇంటి తలుపు గడియ వెయ్యడం మానేసింది.

ఇటు ఆసుపత్రిలో పరిస్థితి ఇక ఆగేటట్టు లేదు. మందులతో బీపీ నిలబెడుతున్నామని, గుండె ఎప్పుడైనా దానంతట అదే ఆగిపోవచ్చని, అప్పుడు దానం చేద్దామన్నా మిగిలేది దాదాపు ఏమీ ఉండదని డాక్టరు చెప్పాడు. చట్టప్రకారం భార్య సంతకం చాలని అక్కకి నేను చెప్పాను. ఆ విషయం ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"సంతకం చాలురా. ఆవిడ వద్దంటుంటే నేనెట్లా పెట్టను? రేపటినుంచి ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమే కదా" అంది.

ఆసుపత్రిలో అవయవదానం వ్యవహారాలు చూసే అమ్మాయి కూడా అదే మాట మర్యాదగా చెప్పింది. కుటుంబంలో ఒకరు కాదంటుంటే మేం ముందుకు వెళ్లం అంది. స్నేహ హాస్టల్ నుంచి వచ్చి, "నానమ్మా, ప్లీజ్ సమఝో నా, అర్థం చేసుకో, పప్పా ఇదే కావాలనుకున్నారు" అని బతిమాలింది. అత్తయ్య ఆ పిల్ల తల నిమిరి, ఆకలేస్తుందా అని అడిగింది. ఆవిడతో వాదించడం అంటే అలా ఉంటుంది.

పని పంచుకున్నాం. అక్క, స్నేహ ఆసుపత్రిలో. నేను సెలవు పెట్టి వసంత్ కుంజ్‌లోని మా ఇంటి నుంచి వచ్చి, పగలంతా ఇందిరాపురంలో అత్తయ్యకి తోడు.

నేను రాగానే అలవాటుకొద్దీ గడియ వేసేవాణ్ణి. ఆవిడ ఆ మోకాళ్లతో లేచి, గోడ పట్టుకుని నడిచి వెళ్లి తీసేది. ఎందుకత్తయ్యా అంటే, "వాడింకా గేటు దాటలా" అనేది. మళ్లీ వేసే ధైర్యం నాకు ఉండేది కాదు. గాలికి తలుపు తెరుచుకుని, ఎదురింటివాళ్ల పిల్లి వచ్చి సోఫాలో పడుకుని పోయేది. ఆవిడ ఇంటర్‌కామ్ పక్కన కుర్చీ వేసుకుని గోంగూర ఒలుస్తూ కూర్చునేది. ఆ గోంగూర ఎవరూ వండలేదు.

ఆరోజు పొద్దుటి ఎండ బాల్కనీ సగం దాకా వచ్చింది. నేను భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని ఆఫీసు మీటింగు వింటున్నాను. సెలవులో ఉన్నాను కాబట్టి వింటున్నాను. లేకపోతే మాట్లాడాల్సి వచ్చేది. బాల్కనీ తలుపు మూసి ఉంది. ఏసీ నడుస్తోంది. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

ఇంటర్‌కామ్ మోగింది.

అత్తయ్య ఒళ్లో గోంగూర పళ్లెం ఉంది. ఆవిడ అది దించుకునేలోపు నేనే వెళ్లి తీశాను. హలో అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. కానీ లైను చచ్చి లేదు. కారు వెనక్కి తీస్తుంటే వచ్చే కూత, గార్డు విజిల్, దూరంగా కొబ్బరిబోండాలమ్మేవాడి కేక, ఎవరో "ఏక్ మినట్ భయ్యా" అనడం, అన్నీ వినపడ్డాయి. ఆ ఫ్లాటుకి ఎన్నోసార్లు వెళ్లాను కాబట్టి ఆ గేటు చప్పుడు నాకు తెలుసు. మళ్లీ హలో అన్నాను. అవతలి మనిషి ఉన్నాడు, నాకోసం కాక ఇంకెవరి కోసమో ఆగాడు అనిపించింది. అనిపించడం ఆధారం కాదు. రాసిపెడుతున్నాను, అంతే.

"నీకు గాదు. ఇటియ్యి" అంది అత్తయ్య.

ఇచ్చాను.

ఆవిడ రిసీవరు చెవికి ఆనించుకుని, "ఆఁ నాన్నా" అంది. కాసేపు విన్నది. "ఆఁ. ఆఁ." మళ్లీ విన్నది. "కళ్లజోడు పెట్టుకున్నావా?" అని అడిగింది. అవతలినుంచి ఏం వచ్చిందో గానీ, ఆవిడ పెదాలు కొంచెం విచ్చుకున్నాయి. నవ్వు అనే అనాలి. "సరే, పో. వేసుకుంటన్నా."

రిసీవరు నా చేతికిచ్చింది. అప్పటికి అది మామూలు ప్లాస్టిక్ ముక్క. ఏ చప్పుడూ లేదు.

అత్తయ్య లేచింది. నేను చెయ్యందిస్తే వద్దంది. గోడ పట్టుకుని తలుపు దాకా నడిచి గడియ వేసింది. ఆవిడ తనంతట తను గడియ వేసుకోవడం ఇన్ని రోజుల్లో అదే మొదటిసారి. తిరిగొచ్చి కూర్చుని, గోంగూర పళ్లెం పక్కకు పెట్టేసింది.

"గేటు దాటాడు. మీ అక్కని సంతకం పెట్టమను. కళ్లజోడు గూడా ఇచ్చెయ్యమన్నాడు."

కళ్లజోడు జోకు వేసినప్పుడు అత్తయ్య అక్కడ లేదు, తెనాలిలో ఉంది. అయితే ఈ గొడవ మధ్యలో అక్కో నేనో ఆవిడకి చెప్పి ఉండొచ్చు. చెప్పామో లేదో మా ఇద్దరికీ గుర్తులేదు. అందుకని దాన్ని ఆధారంగా లెక్కలోకి తీసుకోవడం లేదు.

నేను గేటు దగ్గరికి వెళ్లొస్తానన్నాను. ఎవడైనా ఆకతాయితనం చేశాడేమో చూడాలని. గడియ తీసి బయటికి వెళ్తుంటే, "నువ్వు గూడా కిందికి పోయాక చెప్పు. ఊరికే లేపబాక" అంది ఆవిడ.

గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాక గుర్తొచ్చింది.

అక్కడ కేబిన్ లేదు. బావ ఆసుపత్రిలో చేరిన మర్నాడే, కొత్తది కట్టడానికి పాతది పడగొట్టేశారు. నేను రోజూ ఆ ఇటుకల పక్కనుంచే కారు తీసుకెళ్తున్నాను. టైరు పంక్చరవుతుందేమోనని తిట్టుకున్నాను కూడా. గార్డులు పెద్ద గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలేసుకుని, చేతిలో యాప్ ఉన్న ట్యాబ్ పెట్టుకుని కూర్చున్నారు.

ఇంటర్‌కామ్ ఎక్కడుందని అడిగాను. "వో తో కేబిన్ కే సాథ్ హీ గయా, సాబ్" అన్నాడు గార్డు. కేబిన్‌తోనే పోయిందట. నమ్మకం కుదరక మెయింటెనెన్స్ ఆఫీసుకి వెళ్లాను. సెట్టు అల్మారాలో ఉంది. తెగిన వైర్లు దానికి తోకలా వేలాడుతున్నాయి.

మళ్లీ గేటు దగ్గరికి వచ్చాను. ఒక కారు వెనక్కి వస్తూ కూత పెట్టింది. గార్డు విజిల్ వేశాడు. రోడ్డవతల కొబ్బరిబోండాలవాడు అరిచాడు. అన్నీ ఉన్నాయి. ఫోనే లేదు.

తర్వాత తెలిసినవాళ్లని అడిగాను. మా ఆఫీసు ఎలక్ట్రీషియన్, కరెంటు పోయి జనరేటర్ అందుకునేటప్పుడు పాత సెట్లు ఒక్కోసారి వాటంతటవే మోగుతాయన్నాడు. నాకు చాలా నచ్చింది ఆ వివరణ. కాకపోతే ఆరోజు కరెంటు పోలేదు. నా మీటింగు నిక్షేపంగా నడుస్తూనే ఉంది. పోయినా బాగుండేది. ఇంకొకరు, బయటి చప్పుడే కిటికీలోంచి వచ్చి ఉంటుందన్నారు. తొమ్మిదో అంతస్తు, మూసిన తలుపులు, ఏసీ. అయినా సరే, వచ్చిందనుకుందాం. రిసీవరులోకి ఎలా వచ్చిందో వాళ్లూ చెప్పలేదు.

తల్లి కాబట్టి కొడుకు గొంతు విన్నాననుకుంది అంటే ఒప్పుకుంటాను. దుఃఖంలో మనసు అలాంటివి చేస్తుంది. కానీ కొబ్బరిబోండాలవాడి కేక నాకెందుకు వినపడాలి? అతను నాకేమీ కాడు.

గేటు దగ్గరినుంచే అక్కకి ఫోన్ చేశాను. అత్తయ్య ఒప్పుకుందని చెప్పాను. ఎలా ఒప్పుకుందో కూడా చెప్పాను. అవతల ఐసీయూ మిషన్ల చప్పుడు వినపడుతోంది. "గడియ వేసుకున్నారా?" అంది అక్క. వేసుకున్నారన్నాను. "సరే. సంతకం పెడతా" అంది.

ఆ సాయంత్రం ఆసుపత్రి క్యాంటీన్‌లో టీ ముందు పెట్టుకుని అక్క చెప్పింది. పొద్దున డాక్టర్ల రౌండ్స్ అయ్యాక, నేను ఫోన్ చెయ్యడానికి కాస్త ముందు, బావ ముఖం తుడిచిందట. మొన్న అత్తయ్య అడిగిన దగ్గరినుంచీ ఆయనతో ఏమీ మాట్లాడకుండానే పని చేస్తోందట. ఆరోజు మాత్రం ఉండబట్టలేక, "ముఖం తుడుస్తున్నానండీ. ఇంకొకటుంది, అది నావల్ల కాదు. అత్తయ్యకి చెప్పి వెళ్లండి. నాకు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు" అందట.

"ఆయనకి వినపడదు కదక్కా" అన్నాను.

"వినపడదు. నాకు చెప్తావేంట్రా?" అంది.

"మరెందుకు చెప్పావు?"

అక్క టీ గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "ఇన్నేళ్లలో చెప్పకుండా ఏ పేషెంటునీ ముట్టుకోలేదురా. ఈయన్ని ఒక్కడినీ మూడు రోజులు మూగదానిలా తుడిచాను. అది నాకు బాగాలేదు."

మర్నాడు తెల్లవారకముందే బావని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లారు. తలుపు దాకా అక్క మంచం పట్టుకుని నడిచింది. అక్కడ వంగి, ఏం చెయ్యబోతున్నారో ఆయనకి ఒక్కొక్కటీ చెప్పింది. పక్కనున్న యువ డాక్టర్లు తొందరపెట్టలేదు. అత్తయ్య రాలేదు. వాడు నాకు చెప్పి పోయాడు గదా, మళ్లీ ఎందుకు అంది.

కిడ్నీలు, కాలేయం, కళ్లు వెళ్లాయి. ఎవరికో మాకు తెలీదు, చెప్పరు కూడా. స్నేహ కళ్లజోడు తీసుకెళ్లి అవయవదానం వ్యవహారాలు చూసే ఆ అమ్మాయికి ఇవ్వబోయింది. ఆమె ఏడుస్తూనే, రూల్స్ ఒప్పుకోవు దీదీ అంది. ఆ రూలు ఎక్కడుందో నేను వెతకలేదు.

మరణ ధ్రువీకరణ పత్రంలో ఉన్నది రెండో పరీక్ష పూర్తయిన రోజు. చట్టం ప్రకారం బావ పోయింది అప్పుడే. గుండె ఆగింది థియేటర్‌లో, చాలా తర్వాత. ఏడాది తిరిగాక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టాలనుకున్నప్పుడు, ఆహ్వానపత్రంలో ఏ తేదీ వెయ్యాలని పాస్టరు గారు ఫోన్ చేశారు. అత్తయ్య ఆ రెండూ కాదంది. ఇంటర్‌కామ్ మోగిన రోజు చెప్పింది. అక్క కాదనలేదు. పాస్టరు గారు నన్నడిగారు, మీరు న్యాయ విభాగం కదా, ఇది సరేనా అని.

సరేనన్నాను. నా ఉద్యోగ జీవితంలో ఆధారం అడక్కుండా నేను ఆమోదించిన కాగితం అదొక్కటే.

కొత్త కేబిన్ కట్టేశారు. ఏసీ కూడా పెట్టారు. ఇంటర్‌కామ్ పెట్టలేదు. ఇంట్లో గోడకి ఉన్న సెట్టు మాత్రం అలాగే ఉంది. అత్తయ్య తియ్యనివ్వదు. అలాగని దాని పక్కన కూర్చోదు కూడా. వెళ్లినప్పుడల్లా ఎవరూ చూడకుండా ఒకసారి రిసీవరు ఎత్తి వింటాను. ఏమీ ఉండదు. ఉండదని నాకు తెలుసు. ఆరోజు ఎందుకుందో మాత్రం ఇప్పటికీ తెలీదు. దెయ్యాలున్నాయని ఇప్పుడూ అనను. ఆ ఫోన్ రాలేదని కూడా అనలేను.

అక్క ఇప్పుడు డ్యూటీకి వెళ్తూ గేటు దగ్గర ఆగి మొబైల్‌లో అత్తయ్యకి ఫోన్ చేస్తుంది. నేనూ అంతే. కారు పక్కకి ఆపి, "అత్తయ్యా, వెళ్తన్నా" అంటాను. ఆవిడ ఫోన్ చేత్తో పట్టుకునే లేచి నడుస్తుంది. చాలాసేపు పడుతుంది. వెనక కార్లవాళ్లు హారన్ కొడతారు. గడియ పడిన చప్పుడు వినపడేదాకా నేను కదలను.